ఇన్నమ్మ చిటికెన వేలు

ఏ తండాకైనా ముందు ఇన్నమ్మ గొంతు వచ్చేది. దాని వెనక ఎండుచేపల వాసన వచ్చేది. మనిషి వచ్చేసరికి ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వాకిళ్ళలో నిలబడి ఉండేవాళ్ళు, కుక్కలు అంతకుముందే వరస కట్టి ఉండేవి. అశ్వారావుపేటలో బయల్దేరి, పామాయిల్ తోటలు దాటి, అడవి అంచు పల్లెల దాకా పోనూ రానూ పన్నెండు కిలోమీటర్లు. నెత్తిన గంప, గంపలో నెత్తళ్ళు, సావిడాయలు, ఎండు రొయ్యలు. ఇరవై రెండేళ్ళుగా వారానికి ఆరు రోజులు అదే నడక. ఏడో రోజు చర్చికి నడక.

అన్నేళ్ళూ ఉత్త కాళ్ళతోనే నడిచింది. చెప్పులు లేక కాదు. భర్త తోమాసు ఒక క్రిస్మస్‌కు ఖమ్మం వెళ్ళి బంగారు రంగు పట్టీల చెప్పులు తెచ్చిపెట్టాడు. ఇన్నమ్మ వాటిని ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద దాచింది. ఆదివారం నాడు ఆ కవరు చంకలో పెట్టుకుని రోడ్డు మలుపు దాకా ఉత్త కాళ్ళతో వచ్చి, అక్కడ చెప్పులు తొడుక్కుని, చర్చి గుమ్మం దాకా జమీందారిణిలా నడిచి, గుమ్మం బయట విప్పేది. ఎనిమిదేళ్ళయినా చెప్పుల మీది మెరుపు తగ్గలేదు. అవి ఇన్నమ్మను మోసిన దూరం కంటే ఇన్నమ్మ వాటిని మోసిన దూరమే ఎక్కువ.

ఎవరైనా అడిగితే, "చెప్పులేసుకుంటే కాలికి సోమరితనం వస్తది," అనేది.

సోమరితనం సంగతేమో గాని, ఆమె కాళ్ళకు మిగతావన్నీ వచ్చాయి. మడమల పగుళ్ళలో పావలా బిళ్ళ నిలబెట్టొచ్చని తోమాసు అందరికీ చెప్పేవాడు. బొటనవేలి కింద ఆనెకాయ పెరిగితే, ఇన్నమ్మ తోమాసు గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని అరుగు మీద కూర్చుని చెక్కేసుకునేది. చెక్కిన పొరలు కోళ్ళు ఏరుకునేవి. అరికాళ్ళ కింద దూది పరిచినట్టు ఉండటం ఈమధ్య మొదలైంది. నడిచి నడిచి అలసిపోయిన మనిషికి దేవుడు వేసిన పరుపు కాబోలు అనుకుంది. నీళ్ళు చెంబుల కొద్దీ తాగేది. ఎండలు మండిపోతున్నాయి మరి, అనుకుంది.

ఇంటికి చుట్టాలొస్తే తోమాసు ఒక ప్రదర్శన పెట్టేవాడు. అతను పామాయిల్ తోటల్లో గెలలు కోసే కూలీ. పొద్దంతా మెడ పైకెత్తి చెట్లు చూసేవాడు గాబట్టి ఇంట్లోనైనా కాస్త గొప్పగా కూర్చోవాలని ఉండేది. సగం కాల్చిన బీడీ నేల మీద పడేసి, "ఏమే, జర ఆర్పు," అనేవాడు. ఇన్నమ్మ మాట్లాడే మాట ఆపకుండానే ఉత్త మడమతో దాన్ని నలిపేసేది. చుట్టాలు నోళ్ళు తెరిచేవాళ్ళు. తోమాసు తన ఎద్దు పందెం గెలిచినట్టు చుట్టూ చూసేవాడు.

రెండువేల ఆరు ఈస్టర్ నాడు ఆ ప్రదర్శన చూసినవాళ్ళలో అక్సా ఉంది. ఇన్నమ్మ అన్న కూతురు. నర్సు చదువు పూర్తిచేసి, దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో చేరి ఆరు నెలలైంది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆ పిల్ల మాత్రం వంగి, మేనత్త మడమ పట్టుకుని చూసింది. కాలిన చోట పొర లేచి ఉంది.

"అత్తా, సుర్రుమనలేదా?"

"నా కాలు ముందు బీడీ ఎంతనే? లారీ టైరు ఇది."

"కాలింది తెల్వకపోవుడు బలం గాదత్తా. నీ కాలికి చెవుడొచ్చింది. షుగర్ ఉంటే నరాలు గిట్లనే మొద్దుబారుతయ్. రేపు దవాఖానకు రా, రక్తం చూపిద్దాం."

"షుగరా? నాకా? అది మైసూరుపాకులు తినేటోళ్ళకు వస్తది. నేను ఉప్పుచేపలు అమ్ముకునేదాన్ని. నాకొస్తే ఉప్పు రోగం రావాలె."

ఇల్లంతా గొల్లుమంది. అక్సా కూడా నవ్వుతుందేమోనని ఇన్నమ్మ చూసింది. అక్సా నవ్వలేదు. ఈ కాలపు చదువులు మనుషుల్లో సరదా చంపేస్తున్నాయని ఇన్నమ్మ ఆ పూటంతా బాధపడింది.

వానాకాలం వచ్చింది. జులైలో ఒక ఉదయం ఇన్నమ్మ ఎప్పటిలాగే తోటలోంచి అడ్డదారిన పడి, అడవి పక్కనున్న తండాకు వెళ్ళింది. దేవ్లా భార్య రామక్క అప్పుడే పేడతో వాకిలి అలికింది. ఇంకా తడి ఆరలేదు. రామక్క గిన్నె తీసుకుని బయటికొచ్చి, వాకిలి చూసి కెవ్వుమంది.

"ఎవరే నా వాకిట్ల కోడిని కోసింది? నెత్తురు చూడు, నెత్తురు!"

ఇన్నమ్మ గంప దించి నడుం మీద చేతులు పెట్టుకుంది. తిట్టే అవకాశం వస్తే వదిలే మనిషి కాదు.

"చూసినవా రామక్కా, కాలం ఎంత పాడైందో! అలికిన వాకిలి గూడ చూడలే, దొంగ ముండాకొడుకు! వానికి కోడి కూర అరగొద్దు. వాని..."

మంచం మీద కూర్చున్న దేవ్లా ముసలాయన. పక్క తోటలో కాపలాదారు. ఏదైనా నిదానంగా చూసే రకం. ఎర్ర మచ్చల వెంట అతని చూపు గేటు దగ్గర మొదలై, వాకిలి మధ్యకు వచ్చి, గంప దాకా నడిచి, ఇన్నమ్మ ఎడమ కాలి దగ్గర ఆగింది.

"ఇన్నమ్మా," అన్నాడు, "ఆ కోడివి నువ్వేనే."

కూర్చోబెట్టి కాలు ఎత్తి చూశారు. పామాయిల్ మట్ట మొదట్లో ఉండే ముల్లు చిటికెన వేలి కింద లోపలికంటా దిగి ఉంది. దేవ్లా పట్టకారు తెచ్చి లాగితే వేలెడంత వచ్చింది. రామక్కకు కళ్ళు తిరిగాయి. ఇన్నమ్మ మాత్రం ఆ ముల్లును చేతిలోకి తీసుకుని, ఎండలో పెట్టి, కొత్త రకం చేపను చూసినట్టు చూసింది.

"నొప్పి లేదా ఇన్నమ్మక్కా?" రామక్క అడిగింది.

"నొప్పా? అదెట్లుంటదో మర్చిపోయినా!" అని పసుపు పెట్టించుకుని, గుడ్డపేలిక కట్టించుకుని, మిగిలిన ఐదు కిలోమీటర్లూ నడిచింది. దారి పొడుగునా ముల్లు కథ చెప్పుకుంటూ పోయింది. ఒక్కో ఊరికీ ముల్లు ఒక్కో అంగుళం పెరిగింది.

పది రోజులు గడిచాయి. తోమాసు అన్నం ముందు కూర్చుని ముక్కు ఎగబీల్చాడు.

"ఏమే, ఈసారి సరుకు చెడిపోయింది. నెత్తళ్ళు కుళ్ళిన వాసన వస్తంది."

తన సరుకును అంత మాట అన్నందుకు ఇన్నమ్మ ముందు మొగుణ్ణి తిట్టింది. తర్వాత గంపెడు చేపలూ చాప మీద గుమ్మరించి, ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. వాసన మాత్రం పోలేదు. మర్నాడు సంతలో టోకు వ్యాపారి మీద పడింది. అతను తన ముక్కుతో తాను చూసుకుని, "నా సరుకు మంచిగనే ఉందమ్మా," అన్నాడు. ఇన్నమ్మ నోటికి జడిసి కొత్త సరుకు కూడా ఇచ్చాడు. అదీ అదే కంపు. చివరికి సముద్రమే కుళ్ళిపోయిందని ఇన్నమ్మ తేల్చేసింది.

ఆ ఆదివారం ఆమె చర్చికి రాలేదు. ఇరవై రెండేళ్ళలో అది మొదటిసారి. ఆరాధన అవగానే అక్సా మేనత్త ఇంటికి వచ్చింది. ఇన్నమ్మ జ్వరంతో మంచం మీద ఉంది. అక్సా గుమ్మంలోనే ఆగి, ఒకసారి గాలి పీల్చి, నేరుగా వచ్చి కాలి గుడ్డ విప్పింది. చిటికెన వేలు నేరేడు పండులా నల్లబడి ఉంది.

ఇరవై రెండేళ్ళు చేపల వాసనతో బతికిన ఇంట్లో, మనిషి కాలు కుళ్ళుతున్న వాసనను ఎవరూ గుర్తుపట్టలేకపోయారు.

అక్సా గుడ్డను మెల్లగా మళ్ళీ చుట్టింది. ఇన్నమ్మకు మొదటిసారి భయమేసింది. ఎప్పుడూ వాదించే పిల్ల.

"ఏందే గట్ల చూస్తవ్? తిట్టరాదూ?"

"తిట్టనత్తా. ఆటో పిలుస్త."

ఖమ్మం దవాఖానలో చక్కెర మూడు వందల ఎనభై అని తేలింది. వేలు తీసేయాలని, ఇంకో వారం ఆగి ఉంటే మోకాలి దాకా పోయేదని డాక్టరు చెప్పాడు. ఇన్నమ్మ బేరానికి దిగింది.

"డాక్టరుబాబూ, సగం తీసి సగం ఉంచరాదా?"

డాక్టరు బేరమాడలేదు. వేలు పోయింది. మత్తు దిగాక ఇన్నమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఏదీ నా వేలు?"

అలాంటివి ఇంటికి ఇవ్వరని ఆయా చెప్పింది. అది మొక్కజొన్న కంకి కాదు, తన వేలు అని ఇన్నమ్మ చెప్పింది. వార్డంతా ఆ వాదన మూడు పూటలు విన్నది. రోగులు రెండు పార్టీలుగా విడిపోయారు. ఆఖరికి కాగితం మీద తోమాసు వేలిముద్ర తీసుకుని, మందునీళ్ళ సీసాలో వేసి, మూత బిగించి ఇచ్చారు.

పదిహేను రోజుల తర్వాత ఇంటికి వచ్చే బస్సులో తోమాసు ఆ సీసాను చేతిసంచిలో పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్క సీటాయన తొంగి చూశాడు.

"ఏముందన్నా సీసాల? పచ్చడా?"

"మా ఇంటామె," అన్నాడు తోమాసు.

ఆయన కిటికీ పక్కన కూర్చున్న ఇన్నమ్మను చూశాడు, సీసాను చూశాడు, లేచి సత్తుపల్లి దాకా నిలబడే వచ్చాడు.

అసలు గొడవ ఇంటికి వచ్చాక మొదలైంది. ఇన్నమ్మ ఆ వేలును చర్చి సమాధుల తోటలో పాతిపెట్టాలంది, అదీ ప్రార్థనతో. పాస్టరు షాలేమ్‌రాజు మెత్తటి మనిషి. నలభై ఏళ్ళుంటాయి. పెళ్ళిళ్ళు, చావులు, ఇంటి ప్రవేశాలు అన్నీ చేశారు గాని, ఇలాంటిది ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"అమ్మా, సమాధి చేసేది నిండు మనిషికి. వేలికి చెయ్యరు."

"మరి పునరుత్థానం నాడు నేను లేచినంక నా వేలు ఏడుందో నాకెట్ల తెలుస్తది అయ్యగారూ? అందరు పరుగెత్తుతుంటే నేను ఖమ్మం పోయి ఎతుక్కోవాల్నా?"

"ఆ రోజు దేవుడే అన్నీ సరిచేస్తడమ్మా."

"సరిచేస్తడు. గాని ఆయనకు గూడ పని సులువు చెయ్యాలె గదా."

అయ్యగారు తలపట్టుకున్నారు. రెండు రోజులు ఆలోచించారు. సంఘ పెద్దలను అడిగితే ముగ్గురు వద్దన్నారు, ఒకాయన తన పాత పన్ను కూడా పాతొచ్చా అని అడిగాడు. చివరికి శనివారం పొద్దున, సమాధుల తోట గోడ పక్కన, జానెడు గుంట తీశారు. పదిహేను మంది వచ్చారు. సగం మంది నవ్వుదామనే వచ్చారు.

షాలేమ్‌రాజు మొదలుపెట్టి, "మన సహోదరి..." అని ఆగారు. సహోదరి కుర్చీలో కూర్చుని ఆయన్నే చూస్తోంది. "మన సహోదరి యొక్క..." మళ్ళీ ఆగారు. తర్వాత పుస్తకం మూసేసి మామూలుగా మాట్లాడారు.

"ప్రభువా, ఈ వేలు ఇరవై రెండేళ్ళు అడవి దారులల్ల నడిచింది. ఇద్దరు బిడ్డలను చదివించి దూరపు కొలువులకు పంపింది. ఆదివారం తప్ప ఒక్కనాడు గూడ చెప్పులో దూరలేదు. దాని కష్టం మేమెవ్వరం చూడలేదు. నడిచిన ఆమె గూడ చూసుకోలేదు. మిగిలినవాటినైనా చూసుకునే బుద్ధి మాకియ్యి."

నవ్వడానికి వచ్చినవాళ్ళు నేల చూశారు. ఒకరిద్దరు తమ కాళ్ళే చూసుకున్నారు. ఇన్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తాను ఏడుస్తున్నది వేలు కోసం కాదని ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళుగా తనను మోసిన కాళ్ళను గాడిదల కంటే హీనంగా చూసిందని, గాడిదకైనా సాయంత్రం పూట నీళ్ళు చూపిస్తారని తోచి ఏడ్చింది.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత అక్సా ఒక జత నల్లటి మెత్తటి రబ్బరు చెప్పులు తెచ్చింది. ఇన్నమ్మ చూడగానే వాకిట్లోకి విసిరింది.

"ఇవి కుష్టు రోగులకిచ్చే చెప్పులు. ఇవేసుకుని గంప ఎత్తుకుంటే నా చేపలెవరు కొంటరే?"

"రబ్బరు మెత్తగుంటదని ఇస్తరత్తా, నీకు గూడ గదే కావాలె."

"నాకు తెలుసు. కొనేటోళ్ళకు తెల్వదు గదా!"

అది ఉత్త మొండితనం కాదు, ఇన్నమ్మ చెప్పింది నిజమే. అక్సా ఆ చెప్పులూ, అటక మీది బంగారు పట్టీల చెప్పులూ రెండూ తీసుకుని బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే యేసుపాదం దగ్గరికి వెళ్ళింది. మనిషి పేరులోనే పాదం ఉంది, పని కూడా అంత భక్తిగానే చేసేవాడు. ఇన్నమ్మను పిలిపించి, పాత పేపరు మీద నిలబెట్టి, పెన్సిలుతో రెండు కాళ్ళ చుట్టూ గీత గీశాడు. నల్ల చెప్పులను ఆ గీతకు కోసి, ఎడమ చెప్పులో వేలు లేని చోట మెత్తటి రబ్బరు ముక్క అంటించి ఆ ఖాళీ నింపాడు. మడమ వెనక పట్టీ పెట్టాడు. పైన బంగారు పట్టీలు కుట్టాడు.

"వేసుకునే ముందు రోజూ లోపల చెయ్యి పెట్టి తడుము చెల్లె," అన్నాడు. "రాయి ఉంటే నీ చెయ్యి చెప్తది. నీ కాలు చెప్పదు."

ఇంట్లో పద్ధతులు మారాయి. బ్లేడు అక్సా తీసుకెళ్ళిపోయింది. వేడినీళ్ళ బకెట్‌లో ఇన్నమ్మ కాలు పెట్టే ముందు తోమాసు చెయ్యి పెట్టి చూడాలి. కడిగాక వేళ్ళ సందులు గుడ్డతో తుడవాలి, మడమలకు కొబ్బరినూనె రాయాలి, సందుల్లో రాయకూడదు. సాయంత్రం వెలుతురు ఉండగానే అరికాళ్ళు చూడాలి. కూర్చున్న చోట ఇన్నమ్మకు అరికాలంతా కనపడదు గాబట్టి తోమాసు గడ్డం గీసుకునే అద్దం నేల మీద పెట్టేవాళ్ళు. "పొద్దున నా మొహం, పొద్దుగూకంగ నీ అరికాలు. ఆ అద్దానికి ఏది ఏదో తెలుస్తలేదు," అని తోమాసు సణిగేవాడు. కొన్నాళ్ళకు అద్దం మానేసి తానే కాలు ఒళ్ళో పెట్టుకుని చూడటం మొదలుపెట్టాడు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో అతను భార్య కాలు పట్టుకున్నది అప్పుడే. ఒక్కో వేలూ విడదీసి చూసి, చివర్లో గట్టిగా ప్రకటించేవాడు.

"తొమ్మిది. అందరు ఉన్నరు."

ఇన్నమ్మ మళ్ళీ గంప ఎత్తింది. దూరపు పల్లెలకు షేర్ ఆటో ఎక్కేది, దగ్గరి వాటికే నడిచేది. ఏ ఊళ్ళోనైనా ముందు పీట వేయమనేది. పీట లేని వాకిట్లో గంప దించేది కాదు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. చేపలు తూచే ముందు, "అరికాలు చూపియ్," అనడం మొదలుపెట్టింది. నాలుగు తండాల ఆడవాళ్ళు తిట్టుకుంటూనే గోడ పట్టుకుని కాళ్ళెత్తి చూపించారు. ఎండురొయ్యలు ఆమె దగ్గర తప్ప దొరకవు మరి. పగుళ్ళున్నవాళ్ళకు నూనె చెప్పింది, పొలం నీళ్ళలో నాని వేళ్ళ సందులు పాచిపోయినవాళ్ళను అక్సా దగ్గరికి తరిమింది.

దేవ్లా మాత్రం మొరాయించాడు.

"పావుసేరు నెత్తళ్ళకు కాళ్ళు చూపాల్నా? ఇవేమన్న పెండ్లిచూపులా?"

"నిన్నెవరు చేసుకుంటరు దేవ్లన్నా? కాలెత్తు."

"ఎత్త."

రామక్క వెనక నుంచి వచ్చి మొగుడి కాలు పట్టి ఎత్తేసింది. పొద్దంతా రబ్బరు బూట్లేసుకుని తోటలో నిలబడే మనిషి. మడమ కింద తెల్లగా గట్టిపడిన చర్మం, దాని మధ్య నల్లటి చుక్క. ఇన్నమ్మ వేలితో నొక్కితే చీము వచ్చింది. దేవ్లా ఆకాశం చూస్తూ కూర్చున్నాడు.

"నొప్పి లేదా?" ఇన్నమ్మ అడిగింది.

"ఏం లేదు. నా కాలు..."

"లారీ టైరని చెప్పకు. ఆ మాట నేను చెప్పి ఉన్న. లే, ఆటో ఎక్కు."

అతనికీ చక్కెర ఉంది. ఆరు వారాలు కట్లు కట్టించుకుని, బూట్లు మాని, మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పుండు మానింది. కాలు దక్కింది. నోరు మాత్రం మానలేదు. చక్కెర లేని టీ గొంతు దిగిన ప్రతిసారీ ఇన్నమ్మను, ఆమె చేపలను, ఆమె వంశాన్ని వాకిట్లో నిలబడి తిట్టేవాడు. ఒకనాడు రామక్క సిగ్గుపడుతూ ఆ సంగతి చెప్పి, "ఏమనుకోకు అక్కా," అంది.

ఇన్నమ్మ రొయ్యలు దోసెడు ఎక్కువే వేసింది.

"తిట్టనియ్యే. రెండు కాళ్ళ మీద నిలబడి తిడుతుండు గదా."